తొక్కల మూట

పిచ్చుకా,

చేతికి పాకం అంటుకునే ఉంది, కాగితం మీద మరకలు చూసి నవ్వకు. అమ్మ చేసే ఆపిల్ పాకం ఇవాళ నాకు కుదిరింది! చక్కగా గట్టిపడి, గులాబీ రంగు తిరిగింది. మీ బావగారు గరిట నాకి, "ఇన్నేళ్లూ మాకు పెట్టింది ఏమిటే మరి?" అన్నారు.

మూడేళ్ల కిందట నువ్వు రాసిచ్చిన కాగితంలో, పాకం గట్టిపడాలంటే తొక్కలూ గింజలూ గుడ్డలో మూటకట్టి పాకంలో వెయ్యమని ఉంది. చెత్త ఎవరైనా వేస్తారా అనుకున్నాను. ప్రతిసారీ వాటిని పారేశాను. పాకం నీళ్లలా మిగిలితే, అసలు సంగతి దాచుకుని నాకు తప్పు రాసిచ్చావని నలుగురిలో నిన్ను నిందించాను. "సరే అక్కా, నీకు తెలిసినట్టే చేసుకో" అని వెళ్లినదానివి మళ్లీ మా ఇంటికి రాలేదు.

పొద్దున ప్రార్థనలో నువ్వన్న ఆ మాటే గుర్తొచ్చింది. సగంలో లేచి వెళ్లి, ఈసారి నువ్వు రాసినట్టే మూట కట్టాను. తప్పు నాదే తల్లీ.

అందరికీ పంచాను. కానీ అడుగంటింది గీక్కు తినడం చిన్నప్పటినుంచీ నీ వంతు కదా. అందుకే పెద్ద గిన్నె కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. పాలకు చోటు లేదని మీ బావగారి గోల. త్వరగా రా.

మీ పెద్దక్క