ఆయుధ పూజలో పెట్టిన అద్దాలు

ధర్మపురి,
విజయదశమి వెళ్ళిన నాలుగో రోజు.

అన్నయ్యకు సుశీల నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, కంగారు పడకు. నువ్వు, వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? నీ కుడిచేతి వణుకు తగ్గిందా, లేక తగ్గిందని వదినకు చెప్పి షాపులో దాచుకుంటున్నావా? కళ్ళజోళ్ళ షాపు పెట్టుకుని ఊరందరి కళ్ళూ చూస్తావు, నీ ఒంటి సంగతి మాత్రం ఎవరికీ చెప్పవు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. పాలకోడు మార్కెట్టులో టమాటాలు చౌకైనట్టున్నాయి, మా మెస్సులో పప్పు, చారు, పచ్చడి అన్నీ అవే. ఈ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరి ఏడాదిన్నర అయినా నా తమిళం బస్సు టికెట్టు దాకానే వచ్చింది. తెలుగు మాటకు ముఖం వాచిపోయిన నాకు మా ల్యాబు అటెండరు మునియమ్మ ఒక్కతే దిక్కు. వాళ్ళింట్లో తాతముత్తాతల నాటి నుంచీ తెలుగే. రాయడం, చదవడం మాత్రం రాదు. నేను జ్వరంతో పడుకుంటే రాగి జావ కాచి తెచ్చి తాగిందాకా కదలని మనిషి. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత రాసేది చదివి నువ్వు ఆమెను తిట్టకూడదని.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదన్నయ్యా.

ఎండాకాలం సెలవుల్లో నేను తెచ్చిన పదకొండు గాజు పలకలు గుర్తున్నాయి కదా. కరిగిన వెండి లవణంలో ముంచి తీసినవి, కాస్త పసుప్పచ్చగా ఉండేవి. వాటి అంచులు నువ్వు నెలరోజులు కూర్చుని నునుపు పట్టావు. "ఇవే ఆఖరు అమ్మాయీ, ఇంక నా చెయ్యి నిలవదు" అని, ఒక్కోదాన్ని దూదిలో చుట్టి ఒక్కో కళ్ళజోడు పెట్టెలో పెట్టి ఇచ్చావు. మొరప్పూర్‌లో రైలు దిగేదాకా వాటిని ఒళ్ళోంచి దించకుండా తెచ్చుకున్నాను.

నీళ్ళు కాలవలో పోయినట్టు వెలుగు ఆ గాజు పైపొరలోంచి పోవాలి. ఆ పొర వెంట్రుకలో పదోవంతు మందం కూడా ఉండదు. వెలుగు బాగా బలంగా వస్తే తన దారిని తానే సన్నం చేసుకుంటుందని నా పరిశోధన నడిపిన మా మాస్టారు ఎప్పుడో లెక్కగట్టి రాశారు. ఆ లెక్క పట్టుకుని పై దేశాల్లో ఎంతోమంది పని చేస్తున్నారు. ఎవరైనా కళ్ళారా చూశారా అని అడుగుతూ ఇప్పటికీ ఆయన పేర ఉత్తరాలొస్తాయి. ఆయన పోయి ఏడాది దాటిందని వాళ్ళకు తెలియదు. అది చెప్పకుండానే, దసరా వెళ్ళగానే చూసి రాస్తానని వాళ్ళకు జవాబిచ్చింది నేనే. బెంగుళూరులో పెద్ద లేజరు దగ్గర నాకు వచ్చే సోమవారం నుంచి రెండు రోజులిచ్చారు. తర్వాత ఆ యంత్రం వేరేవాళ్ళకు పోతుంది, మళ్ళీ అడగొద్దని ముందే చెప్పారు.

ఆయుధ పూజకు ముందు రోజు నాకు మళ్ళీ జ్వరంతో ఒళ్ళు కాలింది. తాళాలు మునియమ్మకిచ్చి గదికి వచ్చేస్తూ, నవ్వుతూ ఒక మాట అన్నాను: "ఆ అద్దాలు జాగ్రత్త మునియమ్మా, నా ఆయుధాలు అవే." ఆ మాటన్న నా నోటిని ఏం చెయ్యాలి చెప్పు!

ఇక్కడ ఆయుధ పూజంటే ఆషామాషీ కాదు. బస్సు స్టీరింగు దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా కడిగి బొట్టు పెట్టనిది ఉండదు. జ్వరం తగ్గి ల్యాబుకు వెళ్ళేసరికి నా పదకొండు పలకలూ అరటాకు మీద వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ విభూతి పట్టెలు, చందనం, నువ్వు నునుపు పట్టిన అంచు మీద కుంకుమ.

"ఎంత అళుక్కు పట్టి ఉండిందమ్మా, పచ్చ పచ్చగా! చింతపండు, బూడిద ఏసి తోమినాను. ఇప్పుడు చూడండి, ఎట్ల మెరస్తా ఉండాయో" అంది మునియమ్మ. అళుక్కంటే మురికట.

"ఎందుకు ముట్టుకున్నావు మునియమ్మా?" అన్నాను.

"మీరే కదమ్మా చెప్పినారు, నా ఆయుధాలు ఇవే అని. అందరివీ పెట్టి మీవి పెట్టకపోతే ఎట్ల? మీకు పెద్ద పని ఉందని, దేవుని ముందర మీవే మొదట పెట్టినాను."

ఒక్కో పలకా భూతద్దం కింద పెట్టి చూశాను. అన్నిటి మీదా బూడిద గీతలే. ఆ పొర ఇంక లేనట్టే. ఒకటైనా మిగిలిందేమోనని మా చిన్న లేజరు వెలిగించి, అన్నిటికంటే మంచిదనుకున్న పలక అంచులోకి పంపాను. పలక మొత్తం ఎర్రగా భగ్గుమంది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా మాణిక్యంలా వెలిగింది.

మునియమ్మ రెండు చేతులూ జోడించింది. "ఇన్ని దినాలూ దారం మాదిరి కనబడి కనబడకుండా ఉండె. పూజ చేసినాక చూడండమ్మా, ఎంత వెలుగొచ్చిందో! మీ పని అయిపోయినట్టే" అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఇద్దరిదీ ఒకటే ఏడుపనుకుంది.

నీకు తెలుసు కదన్నయ్యా, మంచి పలకలో వెలుగు దాదాపు కనబడదు. అంతా లోపలే పోతుంది. మనకు కనబడేదంతా గీతల్లోంచి బయటికి కారిపోయేదే.

బెంగుళూరుకు రావడం లేదని నిన్న రాసి పడేశాను. మాస్టారి పేర వచ్చిన ఉత్తరాలకు ఏం రాయాలో తోచడం లేదు. ఇంకెవరో, ఇంకెక్కడో చూస్తారు. నాకు ఇంక ఆశ లేదన్నయ్యా, ఉన్నట్టు రాస్తే నువ్వు నమ్మవు. పాఠాలు చెప్పుకుంటాను, జీతం వస్తుంది, ఒంట్లో కులాసాగానే ఉంది. మళ్ళీ పలకలు నునుపు పడతానని మాత్రం కూర్చోకు, నీ చేతి మీద ఒట్టు. ఖాళీ పెట్టెలు పది పార్శిల్ చేస్తున్నాను, షాపుకు పనికొస్తాయి. ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన నా మీద ఉంటే చాలు. చెల్లెలి పని ఏమైందని వదిన అడిగితే, అద్దం బ్రహ్మాండంగా వెలిగిందట, చూసినవాళ్ళు దణ్ణం పెట్టారట అని చెప్పు. అది అబద్ధం కాదు.

నీ చెల్లెలు,
సుశీల