పిట్ట కంట్లో తెల్లచుక్క

చిరంజీవి ఫౌస్తోకి,

అక్క సోయిలా దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నానని రాశావు గానీ, ఆ అక్షరాలు చూస్తే జ్వరంలో రాసినట్టున్నాయి. మచాలాలో నువ్వున్న రొయ్యల చెరువుల దగ్గర దోమలెక్కువని విన్నాను. నిజం రాయి.

అమ్మ మోకాళ్ళ సంగతి అడిగావు. అలాగే ఉన్నాయి. కొత్త డాక్టరిచ్చిన మాత్రలు నేనే ఆపించాను, వాటి రంగు నాకు నచ్చలేదు. పాలవాడు నీళ్ళు కలుపుతూనే ఉన్నాడు, అడిగితే ఆవు మీదికి తోస్తున్నాడు. నాన్న వేసిన తోటకి జనం తగ్గారు. ఆ బుల్లి హమ్మింగ్‌బర్డ్ పిట్టలే రాకపోతే జనం ఏం చూడ్డానికొస్తారు?

ఇక, లోయలో మనదాంతో కలిపి ఆరు తోటలూ ఒకే రోజు నిన్ను ఫొటోలకి రావద్దన్నాయి, ఎవరు చెప్పారక్కా అని మూడు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లు దాటేశాను. ఈసారి రాస్తాను, కాస్త ఓపిక పట్టు.

మే నెలలో పిట్టలు తగ్గడం మొదలైంది గుర్తుందా? తీపినీళ్ళ సీసాల చుట్టూ నలభై మూగే చోట పది కూడా ఉండేవి కావు. నువ్వేమో రోజూ జామచెట్టు కింద కెమెరా పట్టుకుని కూర్చునేవాడివి. ఎండ ఎదురుకొండ దిగాక, మంచు పైకి లేచేలోపు ఇరవై నిమిషాల వెలుగు దొరుకుతుందనీ, ఫ్లాష్ లేకుండా ఎగిరే రెక్కని పట్టాలంటే అదే దిక్కనీ చెప్పేవాడివి. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పదకొండు రోజులు ఎండ మొహమే లేదు. అయినా నీ దగ్గర ఈక ఈకా లెక్కపెట్టగలిగే ఫొటోలున్నాయి. నేను దగ్గరికొస్తే భుజాల మీది పోంచో తీసి కెమెరా మీద కప్పేవాడివి.

"ఏం దాస్తున్నావురా?"

"తేమ తగలకుండా కప్పానక్కా."

"తేమకా, నాకా?"

"నీకు దేవుడు కనపడ్డా గుర్తింపు కార్డు అడుగుతావు" అని నవ్వావు.

నాకు నవ్వు రాలేదు. తోటల్లో వద్దన్న ఫ్లాష్ దొంగచాటుగా కొడుతున్నాడు, పిట్టలు బెదిరిపోతున్నాయి అని తేల్చేసుకున్నాను.

పోయిన ఉత్తరంలో ఆ ఫొటోల్లో ఒకటి పంపావు కదా, అమ్మ భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎగిరే పిట్టకి నాలుగైనా ఫ్లాష్‌లు పెట్టాలనీ, ఎన్ని పెడితే పిట్ట కంట్లో అన్ని తెల్లచుక్కలు పడతాయనీ, ఎండకైతే ఒక్కటేననీ నువ్వే చెప్పావు. నాలుగైనా దొరుకుతాయని వెతికాను. ఒక్కటే ఉంది. వెనక నువ్వు వేసిన తేదీ మబ్బు పట్టడానికి ముందు రోజుది. అంటే ఎండలోనే తీశావు, ఫ్లాష్ కొట్టలేదు.

ఇంకొకటి కూడా కనిపించింది. ముక్కు చివర దారంలా ఏదో వేలాడుతోంది. ఫొటో మీద మరకేమోనని గోటితో గీకాను. అది నాలుక. పిట్ట సీసా వదిలి వెళ్ళిపోతోంది, అయినా నాలుక బయటే ఉంది.

ఫొటో పట్టుకుని తోటల సంఘం పెద్ద అబ్దోన్ గారి దగ్గరికి వెళ్ళాను. మేలో కూడా ఆయన దగ్గరికే వెళ్ళాను ఫౌస్తో. నీ మీద చెప్పింది నేనే. అనుమానంగా ఉందని చెప్పి ఊరుకున్నా బాగుండేది. "మా తమ్ముడు ఫ్లాష్ కొట్టడం కళ్ళారా చూశాను" అన్నాను. చూడలేదు. సొంత అక్క చెబితే ఎవరు కాదంటారు?

"అప్పుడు చూశానన్నావు, ఇప్పుడు చూడలేదంటున్నావు. ఏది నమ్మమంటావమ్మా?" అన్నాడాయన.

భూతద్దం ఇచ్చాను. కన్ను చూసి తలూపాడు. తర్వాత అద్దం పిట్ట ముక్కు మీదికి జరిపి, అక్కడే ఆపాడు.

"సీసాల్లో ఏం పోస్తున్నావు?"

"బెల్లం నీళ్ళు."

తెల్ల చక్కెరే పోయమని నువ్వు ఎన్నిసార్లో చెప్పావు. అంత తెల్లగా ఉండటానికి ఏం కలుపుతారోనని ఏప్రిల్లో నాకు అనుమానమొచ్చింది. నీకు చెప్పకుండా మార్చేశాను. మనం తినేదే కదా అనుకున్నాను.

"బెల్లం ఊరికే పులుస్తుంది. వీటి నాలుకలు బూజు పట్టి వాస్తాయి. ఇక తాగలేవు, ఆకలికి చస్తాయి" అన్నాడు. ఫొటో నా చేతికి తిరిగిచ్చి, "ఈ ఫొటో ఆదివారం సంఘంలో పెడితే వాడి పేరు బాగుపడుతుంది, నీ తోటకి తాళం పడుతుంది. పెట్టకపోతే నేనేమీ చూడనట్టే. నీ ఇష్టం" అన్నాడు.

ఇంటికొచ్చి సీసాలన్నీ దించేశాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆదివారం దాటిపోతుంది. ఫొటో అందరి ముందూ పెట్టి, చూడనిది చూశానన్న మాటా, బెల్లం మాటా రెండూ నా నోటితోనే చెబుతాను. మిగతా ఐదు తోటలూ నిన్ను రానిస్తాయి. మనది మూతపడుతుంది. అమ్మకి ఇంకా చెప్పలేదు, ధైర్యం చాలలేదు.

నన్ను క్షమించానని మాత్రం రాయకు. కాగితం మీద రాస్తే నేను నమ్మను. వచ్చి చెప్పు.

ఇట్లు,
నీ అక్క
సోయిలా