మిట్ట ఎక్కని విచారణ

తిరువూరు, 1974 మే

రవాణా శాఖ పెద్ద అధికారిగారికి,

నేను కలపాల పుల్లమ్మను. డెబ్బై దాటాను. నేను, కొడుకు బాలశౌరి, కోడలు, ముగ్గురు పిల్లలు, అందరం వాడి అద్దె కారు మీదే బతుకుతున్నాం. నేను చెబుతుంటే టీచరమ్మ ప్రేమావతి రాస్తోంది. మెత్తగా రాయొద్దన్నాను.

ఎ.కొండూరు దగ్గర మిట్ట ఎక్కుతుంటే ఇంజను ఆగిపోయి, కారు వెనక్కి జారి మామిడితోటలో పడింది. ఇలా ఆగడం నాలుగోసారి. ఇంజనులో లోపం ఉంది చూడమని అర్జీ పెడితే మీ బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు విచారణకొచ్చారు. పొద్దున చల్లపూట, కారును మా వాకిట్లోనే నిలబెట్టి, కాఫీ తాగినంతసేపు ఇంజను ఆడించి, ఇంజను భేషుగ్గా ఉంది, తప్పు డ్రైవరుదేనని రాసుకుని, మావాడి లైసెన్సు లాక్కున్నారు.

"ఎండలో ఆరుగురితో మిట్ట ఎక్కితే ఆగుతుంది బాబూ. నిలబడ్డ కారు ఇంకెక్కడ ఆగుతుంది?" అన్నాను.

"ఇంజను సంగతి నీకేం తెలుసు మామ్మా?"

"నాలుగుసార్లు తోశాను. ఆ మాత్రం తెలుసు. అంత బాగున్న కారైతే మీరే తోలుకుంటూ విజయవాడ వెళ్లండి" అన్నాను.

ఆయన గడియారం చూసుకుని, బస్సు ఎన్నింటికని అడిగారు.

అయ్యా, తమరు ఆ కాగితం మీద సంతకం పెట్టకముందే ఆయన్ని మిట్టమధ్యాహ్నం ఆ మిట్ట మీదికి మా కారు తోలడానికి పంపించండి. పక్కన నేను కూర్చుంటాను. కారు ఆగకుండా మిట్ట ఎక్కితే లైసెన్సు మీరే ఉంచుకోండి. ఆగితే లైసెన్సు మావాడి చేతికిచ్చి, ఆయన దిగి తోయాలి.

పుల్లమ్మ వేలిముద్ర

సాక్షులు:
కారును తోటలోంచి లాగిన అంతోనయ్య
ఇన్‌స్పెక్టరుగారికి టికెట్టు కొట్టిన బస్సు కండక్టరు వెంకటప్పయ్య