మణికట్టు మీద నత్త

ప్రియమైన అత్తా,

నువ్వు ముప్పై ఏళ్లు పనిచేసిన ఆసుపత్రిలో నర్సుగా చేరి పది రోజులైంది. అప్పుడే చిక్కు! నా మణికట్టు మీది నత్త పచ్చబొట్టు హెడ్ నర్సు కంటపడింది. "పూర్తి చేతుల చొక్కా వేసుకో, లేకపోతే వార్డులోకి రాకు" అంది. వేసుకున్నాను. మధ్యాహ్నం శుభ్రత చూసే డాక్టరమ్మ పట్టుకుంది. "మోచేతి కింద గుడ్డ ఉంటే చేతులెలా కడుగుతావమ్మా?" ముందు నుయ్యి, వెనక గొయ్యి. సోమవారం కమిటీ ముందు నిలబడాలి. ఉంచుతారో, పంపేస్తారో! పచ్చబొట్టు కనబడకూడదన్న ఈ రూలు అసలెందుకు పుట్టింది? నువ్వూ హెడ్ నర్సుగా చేశావు కదా, చెప్పు.

నీ నత్త

ఒసేయ్ నత్తా,

నీ నడక చూసి నేను పెట్టిన పేరును చేతిమీద పొడిపించుకున్నావా! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా రోజుల్లో గోళ్లకు రంగుంటేనే ఇంటికి పంపేదాన్ని. పచ్చబొట్టు చూస్తే రోగికి నమ్మకం పోతుందని రూలు. నిజంగా పోతుందా? ఒక్క రోగినీ అడిగిన పాపాన పోలేదు నేను. నువ్వు అడుగు. మెచ్చుకునేవాళ్లనే కాదు, ముఖం తిప్పుకునేవాళ్లనూ అడుగు. ఉన్నదున్నట్టు రాయి.

ఆగలేక ఎదురుచూసే
అత్త

ప్రియమైన అత్తా,

అడిగాను. కాలు విరిగిన డ్రైవరు "అదెప్పటికైనా మోచేతిదాకా చేరుతుందా?" అన్నాడు. మతిమరుపు పంతులమ్మగారు "మాస్కులేసుకుంటే మీరంతా ఒక్కలాగే ఉంటారు. నత్త కనిపిస్తే నువ్వని తెలుస్తుంది" అంది.

ఇక దర్జీ తాత. మొదటిరోజే "ఈ పిల్ల వద్దు, వేరే నర్సును పంపండి" అన్నది ఆయనే. భయపడుతూనే వెళ్లాను.

"తాతా, ఈ బొమ్మ నచ్చలేదా?"

"ఏ బొమ్మ?" కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు. "బొమ్మతో నాకేం పని? పలకరించకుండా చెయ్యి లాగి సూది గుచ్చావు. నేనేమన్నా గుడ్డముక్కనా?"

సిగ్గుతో చచ్చిపోయాననుకో. క్షమించమన్నాను. ఇప్పుడు అడిగాకే చెయ్యి పట్టుకుంటున్నాను. కమిటీలోనూ ఇదే చెప్తాను, ఏమైతే అదవుతుంది.

నీ నత్త

బంగారుతల్లీ,

కమిటీ అంత తేలిగ్గా ఎందుకు వదిలేసిందా అని తల గోక్కుంటున్నావట, మీ నాన్న చెప్పాడు. నువ్వు లోపలికి వెళ్లేముందే నా కాగితం అక్కడుంది.

ఆ రూలు రాసింది నేనే. ఇరవై రెండేళ్ల కిందట ఒకావిడ "ఆ నర్సు నన్ను ముట్టుకోవద్దు" అంది. ఆ నర్సు చేతిమీద పువ్వుల తీగ ఉండేది. ఇంకేముంది, కారణం అదేననుకున్నాను. రోగినీ అడగలేదు, ఆ అమ్మాయినీ అడగలేదు. రూలు రాసి గోడకు అంటించాను. నెల తిరక్కుండా ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. దర్జీ తాత మాట చదివాక కాగితం, కలం అందుకున్నాను. ఇదంతా రాసి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆ రూలు కొట్టేశారు.

ఆ అమ్మాయి చిరునామా సంపాదించాను. గురువారం వెళ్తున్నాను. తలుపు తీస్తుందో, మొహం మీదే వేస్తుందో. తీస్తే మాత్రం కూర్చోకముందే అడుగుతాను: ఆ రోజు అసలేం జరిగిందమ్మా?

నీ అత్త