చీకటికి వచ్చిన గిరాకీ

అక్కా,

ఇది నీకు చేరదని తెలుసు. అయినా ఈ కోపం నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను?

చేనుబాటలో ఒక్క లైటు స్తంభం కోసం నువ్వు పంచాయతీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగావు. స్తంభం రాలేదు. ఆ చీకట్లోనే నిన్ను పాము కరిచింది. నిన్న ఆ చీకటే కావాలని హైదరాబాదు నుంచి కుశనూర్ మీదుగా కార్లేసుకుని జనం వచ్చారు. బీదర్ జిల్లా మొత్తంలో మన ఊళ్ళోనే చుక్కలు బాగా కనిపిస్తాయట! స్తంభం మాటేమిటని అడిగితే మెంబరు నవ్వుతున్నాడు. "గిప్పుడు లైటేస్తే గిరాకీ ఖరాబైతది గదక్కా!"

మన సంఘం ఆడవాళ్ళకు రొట్టెలు చేసే పని దొరికింది, అది కాదనను. కానీ వచ్చినవాళ్ళు "ఎంత చక్కటి చీకటో!" అని మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండింది.

వాళ్ళకు చుక్కలు చూపించేది ఎవరనుకున్నావు? నీ బిడ్డ లతే. నువ్వు నేర్పిన పిల్లలకోడి, గొర్రుకొయ్యల చుక్కలను వేలెత్తి చూపిస్తూ ముందు నడుస్తుంది. ఎంతసేపూ పైకి చూడటమే, ఒక్కసారైనా కిందికి చూడదు. నేను టార్చి వేసుకుని పక్కనే నడిచాను.

"చిన్నమ్మా, లైటు బంద్ జెయ్యి! చుక్కలు కనవడ్తలేవంటున్రు."

"నువ్వు చుక్కలు జూడు. నేను బాట జూస్త" అన్నాను.

ఆర్పలేదక్కా. వెలుతురు పైకి పోకుండా కొంగు అడ్డం పెట్టి, దాని కాళ్ళ ముందు మాత్రమే పడేట్టు పట్టుకున్నాను, నువ్వు పడిపోయిన మలుపు దాటేదాకా.

నీ చెల్లెలు,
సుగుణ