ఆమెన్ అనే దాకా

జూన్ 4

ఈ రోజు కరవలేదు. కార్జం గిన్నె జరుపుతుంటే ఒక్కసారి నా చేతి వైపు చూసింది, అంతే. స్తోత్రం.

ఈ పుస్తకం కరుణమ్మది. రోజుకొక కృతజ్ఞత రాసుకునేది. వాన పడితే వాన, బర్రె ఈనితే బర్రె, ఏమీ దొరక్కపోతే "మా ఆయన ఈ రోజు అరవలేదు" అని. జ్వరం వచ్చిన రోజు ఆఖరిది — "మంచం నీడలో వేశాడు. స్తోత్రం." తర్వాత పేజీలన్నీ ఖాళీ. కాగితం వృథా చేస్తే ఆమెకు గిట్టదు. అందుకని నేను.

జూన్ 5

ఫోన్లలో అందరూ జాంబీలు, జాంబీలు అంటున్నారు. నేను ఆ మాట అనను. నా పెళ్ళాం. జ్వరంతో చచ్చిపోయింది, తెల్లారి లేచి కూర్చుంది. చచ్చినవాళ్ళు లేస్తారని ముప్పై ఏళ్ళు నాకు చెప్పింది. ఇలా లేస్తారని మాత్రం చెప్పలేదు.

మాట లేదు. మనిషి గుర్తు లేదు. పచ్చి మాంసం తప్ప ముట్టదు. కరిస్తే మనమూ అంతే అవుతాం. గొడ్ల కొట్టంలో గుంజకు కట్టాను. పలుపు మెడకు కట్టమన్నారు. నా వల్ల కాలేదు, నడుముకు కట్టాను.

జూన్ 7

నెలాఖరుకు మార్కాపురం నుంచి బండి వస్తుందట. ఒక డాక్టరమ్మ పరీక్ష పెడుతుంది. ముందు తిండి పెట్టి, పక్కన మనిషి చెయ్యి పెట్టి చూస్తారు. ఆగినవాళ్ళను ఇంట్లో ఉంచుకోవచ్చు. ఆగనివాళ్ళను ఎక్కించుకుపోతారు. గిద్దలూరు వైపు ఎక్కించినవాళ్ళు ఏమయ్యారో ఎవరూ చెప్పడం లేదు...

జూన్ 8

మాంసం కొట్టు మస్తాన్ కార్జం పొట్లం కడుతూ — "అన్నా, కోడెలకు కాడి నేర్పినోడివి గదా, వదినకు ఆగడం నేర్పలేవా ఏంది?"

కోపం వచ్చింది. ఇంటికొచ్చే దారిలో తగ్గింది. నిజమే. హనుమంతునిపాడు చుట్టుపక్కల నా చేతిలో కాడికి అలవాటు పడని కోడె లేదు. పద్ధతి ఒక్కటే. ముందు చప్పుడు. ఆగితే పిడికెడు తవుడు. ఆగకపోతే ఏమీ లేదు. రోజూ అదే వేళ, అదే చప్పుడు. కొట్టకూడదు. తొందర పడకూడదు.

చప్పుడుకు పలక. పలకల ఫ్యాక్టరీలో చేసిన రోజుల్లో తెచ్చింది ఒకటి అటక మీద ఉంది. బలపంతో మూడుసార్లు — టక, టక, టక. తర్వాత ప్రార్థన. తర్వాత గిన్నె.

ప్రార్థన ఎందుకంటే, అది లేకుండా ఆమె ముందు గిన్నె పెట్టే ధైర్యం నాకు లేదు. ఎప్పుడైనా ముందే ముద్ద కలిపితే రెండు వేళ్ళతో నా మణికట్టు మీద టక్కున కొట్టేది. "ఆమెన్ అన్లేదు ఇంకా." మాటలన్నీ ఆమెవి, చివరి ఆమెన్ నాది. నేను చేసిన భక్తి అంతే.

జూన్ 11

పలక. దూకింది. గిన్నె వెనక్కు తీసుకున్నాను.

జూన్ 12

దూకింది.

జూన్ 15

దూకలేదు! పలక కొట్టాను, నాలుగు ముక్కల ప్రార్థన చెప్పాను, ఆమెన్ అన్నాను. అప్పుడు తిన్నది. చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాను. దేవా, నీకు స్తోత్రం. పలకకూ స్తోత్రం.

జూన్ 18

గిన్నె పక్కన నా చెయ్యి పెట్టాను. ఆగింది. నా అంత మొనగాడు ఈ జిల్లాలో లేడు.

జూన్ 20

మొనగాణ్ణి.

చర్చి అయ్యగారు వచ్చారు, వెంట ఇరవై మంది. దూరంగా నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. కరుణమ్మ కదల్లేదు. తల వంచుకుంది. అయ్యగారు ఒక్కో అడుగూ దగ్గరకు వచ్చారు. పక్కింటి సుగుణక్క ఏడుపు — "సూడండయ్యా, కరుణమ్మకు భక్తి పోలా!" అంతలో అందరూ కలిసి ఆమెన్ అన్నారు.

దూకింది.

అయ్యగారి చొక్కా చెయ్యి భుజం దాకా చిరిగింది. గీత కూడా పడలేదు. స్తోత్రం, ఇది మనసారా. ఆయన వెళ్ళిపోతూ అన్నారు — "బ్రదర్, బండి వచ్చేదాకా ఎవర్నీ రానీయొద్దు."

జూన్ 21

అలిగాను. ఆమె మీద అలిగి ఏం లాభం... అయినా అలిగాను.

జూన్ 22

పొద్దున పలక మరిచిపోయి వెళ్ళాను. అలవాటుగా ప్రార్థన ఎత్తుకున్నాను. ఆగింది.

సాయంత్రం కావాలనే పలక కొట్టి, ప్రార్థన లేకుండా గిన్నె పెట్టాను. దూకింది.

గాటి దగ్గర కూలబడ్డాను. పలకతో పనే లేదు. ఆమె ఆగేది ప్రార్థనకు. కదిలేది ఆమెన్‌కు. పాపం, ఆమెకు అయ్యగారి మీద కోపం కాదు. ఇరవై నోళ్ళు ఒకేసారి "ఇక తిను" అన్నాయి, తినబోయింది.

ఆమెను నేను మచ్చిక చేశానట! ఆమెన్ దాకా ముద్ద ముట్టకుండా ముప్పై ఏళ్ళు కూర్చున్నది ఎవరు? నేనే గదా.

నవ్వొచ్చింది. జ్వరం తర్వాత మొదటిసారి నవ్వాను.

జూన్ 25

మస్తాన్ దర్శిలో కనుక్కొని వచ్చాడు. పరీక్ష పావుగంట.

నా ప్రార్థన నాలుగు ముక్కలు. మొన్న మధ్యలో దగ్గు వచ్చి ఆగితే పలుపు బిగిసింది. అంటే పావుగంట ఆపకుండా చెప్పాలి. పావుగంటకు సరిపడా కృతజ్ఞతలు నా దగ్గర ఎక్కడివి? ఆమె అయితే గంట చెప్పేది, అన్నం చల్లారిపోయేదని నేను విసుక్కునేవాణ్ణి.

ఈ పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుతున్నాను. బట్టీ పట్టాలి.

జూన్ 28

వచ్చారు. డాక్టరమ్మ, ఇద్దరు మనుషులు. తలుపు తెరిచిపెట్టిన బండి. దడి బయట జనం రాకుండా మస్తాన్. సుగుణక్కకు ఆమెన్ నోట్లోనే ఉంటుంది, అందుకని కొంగు కుక్కుకుని నిలబడింది.

మొదలుపెట్టాను. అన్నానికి, నీళ్ళకు, కప్పుకు. వానకు. బర్రెకు, దాని దూడకు. పుస్తకంలోవన్నీ అయిపోయాయి. డాక్టరమ్మ ఇంకా రాస్తూనే ఉంది. పలుపు కొంచెం బిగిసింది. ఇక నావి చెప్పాలి.

పలకల దుమ్ముకు నేను దగ్గుతుంటే వీపు రాసినందుకు. నేను విసిరేసిన పళ్ళెం మాట్లాడకుండా తీసి మళ్ళీ వడ్డించినందుకు. మా బిడ్డ పుట్టి పోయిన ఏడు నేను ఎవరితోనూ మాట్లాడలేదు — ఆ ఏడంతా నా పక్కన గడ్డి కోస్తూ, తనూ మాట్లాడకుండా తోడు ఉన్నందుకు. ఇవేవీ ఈమెకు ఒక్కసారైనా నేను చెప్పలేదు దేవా, ఇప్పుడు చెబుతున్నాను, వినిపించు... ఏడుస్తూనే చెప్పాను. ఆపలేదు. ఇంకా ఉన్నాయి. ఇన్ని ఉన్నాయని నాకే తెలియదు.

డాక్టరమ్మ తొడుగు వేసుకున్న చెయ్యి గిన్నె పక్కన పెట్టింది. కరుణమ్మ తల వంచుకుని అట్లాగే ఉంది.

"చాలు పెద్దాయనా. ఉంచుకోండి. మూడు నెలలకు మళ్ళీ వచ్చి చూస్తాం. ఇంక ఆపండి."

తల అడ్డంగా ఊపాను. చేత్తో గేటు చూపించాను. వాళ్ళు వెళ్ళారు. బండి చప్పుడు కంభం రోడ్డు ఎక్కేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నాను. అప్పుడు అన్నాను, ఆమెన్.

తిన్నది. చూస్తూ కూర్చున్నాను.

జూన్ 29

స్తోత్రం. ఇంకేం రాయను.

జూలై 2

ఇప్పుడు ఇద్దరం కొట్టంలోనే తింటున్నాం. ఈ రోజు చేలో పని, ఎండ, కడుపు కాలిపోతోంది. ఆమె గిన్నె ఇంకా పెట్టలేదు. నా పళ్ళెం ముందేసుకుని, ఆలోచన లేకుండా పప్పన్నం కలిపాను.

మణికట్టు మీద ఏదో తగిలింది.

రెండు వేళ్ళు. చల్లగా.

కొట్టిందో, పట్టుకుని నోటికి లాక్కోబోతోందో తెలియదు. నా పళ్ళెంలో మాంసం లేదు. నా చెయ్యి ఉంది. పలుపు బిగుతుగా ఉంది. చెయ్యి వెనక్కు తీసుకోవాలి, అదీ పద్ధతి. కోడె దగ్గర అయితే తీసుకునేవాణ్ణి.

తీసుకోలేదు. ప్రార్థన మొదలుపెట్టాను. ఆమె తల వంచింది. పుస్తకం పక్కనే ఉంది — నోటితో చెబుతూనే ఎడమ చేత్తో ఇది రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తున్నాయి. ఆ వేళ్ళు ఇంకా నా కుడి చేతి మీదే ఉన్నాయి. ఆమెన్ ఇంకా అనలేదు.