వెనక్కి తిప్పిన పేజీ

నవంబరు 14, గురువారం మధ్యాహ్నం

అన్నయ్యా హార్లన్,

నీ చెల్లెలు నెడ్రా ప్రేమతో రాస్తున్నది. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ, లూయెల్లా వదినా బాగున్నారనే నమ్ముతున్నాను. అందరూ బాగుండాలని ఈ ఉదయం నుంచి దేవుణ్ణి ఎన్నిసార్లు అడిగానో నాకే తెలియదు.

ఈ కాగితాలు మీ ఊళ్ళో ఓగ్డెన్ దాణా కొట్టులోని ఫ్యాక్సుకి పంపుతున్నాను, అతనే తెచ్చిస్తాడు. నువ్వు చదవడం అయ్యేదాకా అతన్ని వెళ్ళిపోనివ్వకు. వాకిట్లోనే ఉండమను. మా శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళిన మర్నాడే నువ్వు తుపాకుల కొట్టు మూసి, ప్రభుత్వం వింటుందని ఫోను తీగలు పీకించేశావు కాబట్టి నాకు దిక్కు ఓగ్డెనే. పన్నెండింటికి అతనికి ఫోన్ చేసి, మా అన్నయ్యని తీసుకొచ్చి నాతో మాట్లాడించమని బతిమాలాను. సంగతేమిటో అతనితో చెప్పలేకపోయాను. గంట తర్వాత అతనే ఫోన్ చేశాడు.

"అడిగానమ్మా. రానన్నాడు. 'ఏదన్నా ఉంటే రాసి పంపమను, ప్రభుత్వం వాళ్ళకి చేతనైంది కాగితమే కదా' అన్నాడు. నామీద కోప్పడకు, ఆయనన్న మాటే చెప్తున్నా" అన్నాడు పాపం.

సరే, రాస్తున్నాను. మధ్యలో చింపెయ్యకు. కిందటి ఉత్తరం సగం చదివి పొయ్యిలో వేశావని వదిన రాసింది.

నీ ప్రశ్నలకి ముందు జవాబు చెబుతాను. ఆ ఇన్‌స్పెక్టరు నీ అమ్మకాల పుస్తకాల్లో పద్దెనిమిది తప్పులు పట్టుకున్నాడనీ, అందులో పదకొండు, కొన్నవాళ్ళు తమ కౌంటీ పేరు పొట్టిగా రాసినందుకేననీ రాశావు. అది చదివి నేను కూడా సిగ్గుపడ్డాను. ముప్పై ఏళ్ళుగా ఒక్క తుపాకీ లెక్క తప్పని మనిషిని రెండక్షరాలకి దొంగని చేశారు. ఆ సంగతి మా పర్యవేక్షకురాలు బెర్నిస్‌తో అంటే, "మన వాళ్ళకి ఏనుగులు కనిపించవు, దోమలు మాత్రం దొరుకుతాయి" అంది. మా ఆఫీసులో పని చేసేవాళ్ళే ఆ మాట అంటున్నారంటే నీ కోపంలో తప్పేముంది?

రెండోది. "ఏడాదికి వందకోట్లు దాటి డాలర్లు మింగుతారు. దానికి బదులు మీరు చేసే ఒక్క పని, ఒకే ఒక్కటి, చెప్పు నెడ్రా. చెప్పలేకపోతే ఎత్తేయమని నీ నోటితో నువ్వే అను" అని రాశావు. అన్నయ్యా, ఆ ప్రశ్నకి నిన్నటిదాకా నా దగ్గర జవాబు లేదు. ఇరవై రెండేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను. పొద్దున్నే వెళ్తాను, మూతపడిన తుపాకీ కొట్ల అమ్మకాల పుస్తకాల ఫోటోలు తెర మీద ఒక్కొక్కటీ తిప్పుతాను. తడిసినవీ, కాఫీ మరకలవీ, కోడిగీతల రాతవీ. పేరు కొడితే ఆ పేజీ వచ్చేలా కంప్యూటరు పెట్టకూడదని చట్టం. నీలాంటివాళ్ళే పోరాడి పెట్టించారు. మళ్ళీ నీలాంటివాళ్ళే మేం నత్తల్లా పనిచేస్తామని వెక్కిరిస్తారు. పోలీసులకి దొరికిన తుపాకీ మీది ఒక నంబరు కోసం ఒక్కోసారి పదిహేను వందల పేజీలు తిప్పుతాను. చివరికి దాన్ని కొన్న మనిషి పేరు దొరుకుతుంది. దాన్ని ఎక్కడో ఉన్న పోలీసుకి పంపుతాను. ఆ తర్వాత ఏమైందో నాకెవరూ చెప్పరు. ఎంతమంది దొరికారు, ఎంతమంది దొరకలేదు, ఆ పేరు వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని అడిగితే నోరు వెళ్ళబెట్టాల్సిందే.

మూడోది. కొట్టు మూసేశావు కాబట్టి నీ పుస్తకాలు మాకు పంపాలి. "పంపను, చలికాలం పొయ్యికి పనికొస్తాయి" అని రాశావు. కాల్చకు అన్నయ్యా. జైలు భయంతో చెప్పడం లేదు. ఎందుకో కింద రాస్తాను.

నాలుగోది. నీ కొడుకు వేడ్ నాకేమైనా ఫోన్ చేశాడా అని అడిగావు.

చూడు, నా చేయి ఇక్కడ ఆగిపోయింది. ఆపిళ్ళు ఉడికించి చేసే వెన్న ఈసారి పదకొండు సీసాలు వచ్చిందనీ, పక్కింటాయన జింకల వేట మొదటి రోజే జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడనీ రాయాలని ఉంది. ఏదో ఒకటి రాస్తూ ఇంకో పేజీ తిప్పేయాలని ఉంది. భయంగా ఉంది అన్నయ్యా. ఇంత భయం నాకు మా ఆయన డెల్బర్ట్ చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా వేయలేదు.

వేడ్ ఫోన్ చేయలేదు. ఇంటికే వచ్చాడు. అక్టోబరు మొదటి వారంలో. రెండు రోజులున్నాడు. చూరు కింద వంగిపోయిన నీళ్ళ గొట్టం సరిచేశాడు. జింక మాంసం చిల్లీ కూర మూడు గిన్నెలు తిన్నాడు. వాడి విడాకుల సంగతి నేను ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. వెళ్ళే ముందు వంటింట్లో నా వెనక నిలబడి, "అత్తా, డెల్బర్ట్ మామయ్య రివాల్వరు ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది. నాకెందుకురా అది? బీరువా బరువు" అన్నాను.

"మామయ్య గుర్తుగా నాకిస్తావా? నాన్నకి చెప్పకు. కొట్టు పెట్టుకున్నోడి కొడుకు అత్త దగ్గర అడుక్కున్నాడని వెక్కిరిస్తాడు."

నేను నవ్వాను. మన ఇళ్ళలో పోయినవాళ్ళ తుపాకీ మేనల్లుడికి ఇవ్వడం చేతి గడియారం ఇచ్చినట్టే కదా. తాతది నీకు అలాగే వచ్చింది. కాగితం లేదు, సంతకం లేదు, చట్టం ఏమంటుందో అడిగేవాళ్ళూ లేరు. ఆపిల్ బొమ్మలున్న వంటింటి తువ్వాలులో చుట్టి ఇచ్చాను. గుళ్ళు కూడా ఇచ్చాను. వాడు నన్ను చాలాసేపు పట్టుకుని వదిలాడు. ప్రేమ కొద్దీ అనుకున్నాను.

వారం తర్వాత నీ ఉత్తరం వచ్చింది. మే నెలలో వేడ్ నీ కొట్టుకొచ్చి తుపాకీ అడిగాడనీ, నువ్వు ఇవ్వలేదనీ అందులోనే తెలిసింది. "నీ కళ్ళల్లో ఆ దిగులు నాకు నచ్చలేదురా, అది పోయేదాకా నా కొట్లోంచి నీకు ఒక్క గుండు కూడా ఇవ్వను" అన్నావట. ఆ రోజు నుంచి వాడు నీతో మాట్లాడలేదట. ఏ చట్టమూ నిన్ను ఆపమనలేదు. నువ్వే చూసి ఆపావు. నువ్వు కాదన్నదాన్ని నేను తువ్వాలులో చుట్టి ఇచ్చాను. నీ ఉత్తరం చదివాక కూడా ఐదు వారాలు నోరు విప్పలేదు. వాడికి ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తాడు. తర్వాత ఎత్తడం మానేశాడు.

ఇక ఈ ఉదయం. తొమ్మిదింటికి నా బల్ల మీదికి ఒక నంబరు వచ్చింది. అత్యవసరం అని ఉంది. నెబ్రాస్కాలో ప్లాట్ నది వంతెన దగ్గర దొరికిన రివాల్వరు. తయారుచేసిన వాళ్ళని అడిగాను, వాళ్ళు టోకు వ్యాపారి పేరు చెప్పారు, అతను కొట్టు పేరు చెప్పాడు. మా ఊళ్ళో ఫిచ్ తుపాకీ కొట్టు. ఎప్పుడో మూతపడింది. ఆ కొట్లో కొన్నవాళ్ళు వేలమంది, నాకెందుకులే అనుకున్నాను. అయినా ఫిచ్ పుస్తకాలు తెర మీదికి తెచ్చాను. పేజీలు తిప్పుతూ పోయాను. మూడు వందల పన్నెండో పేజీలో ఫిచ్ గుండ్రటి రాత. నంబరు. పక్కన, డెల్బర్ట్ పేరు. మా ఇంటి చిరునామా.

నేను ఆ పేజీ తిప్పేశాను.

అర్థమైందా అన్నయ్యా? దాన్ని దాటేసి మూడు వందల పదమూడుకి వెళ్ళాను. నంబరు దొరకలేదని రాస్తే ఎవరూ మళ్ళీ చూడరు. మా హాల్లో అలాంటివి రోజూ ఉంటాయి, పేజీ తడిసిందనో, చిరిగిందనో. కనిపించలేదంటే జరగలేదనే పిచ్చి ధైర్యంతో ఇంకా పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. తర్వాత లేచి క్యాంటీన్‌కి వెళ్ళాను. పెప్పరోనీ రొట్టె కొని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇంకెవరి బిడ్డ పేరో అయితే క్షణం ఆగేదాన్ని కాదు కదా అనిపించింది. లేచి వెళ్ళి పేజీ వెనక్కి తిప్పాను. గోడ గడియారం చూస్తే నలభై నిమిషాలు గడిచాయి.

బెర్నిస్‌ని పిలిచి, "ఇది మా ఆయనది. ఎవరికిచ్చానో నాకు తెలుసు" అన్నాను. ఆవిడ నన్ను కుర్చీలోంచి లేపి, తన గదిలోంచి అక్కడి డిటెక్టివ్‌కి ఫోన్ చేసి నా చేతికిచ్చింది.

అతని గొంతు చిన్నవాడిలా ఉంది. "కాల్చలేదమ్మా. ఆరు గుళ్ళూ అందులోనే ఉన్నాయి. రోడ్డు పనివాళ్ళకి వంతెన రెయిలింగు మీద మగాళ్ళ కోటు దొరికింది. దాన్లో తువ్వాలు, తువ్వాల్లో ఇది. జేబుల్లో కాగితం ముక్క లేదు, దగ్గర్లో బండీ లేదు. ఎవరి కోసం వెతకాలో తెలీక పొద్దున్నించీ తల పట్టుకున్నాం" అన్నాడు.

"తువ్వాలు మీద ఆపిల్స్ ఉన్నాయా బాబూ?"

"ఉన్నాయమ్మా" అన్నాడు.

వేడ్ పేరు చెప్పాను. ఎత్తు, వయసు, గడ్డం మీద గాటు, ఫోన్ నంబరు, అన్నీ చెప్పాను. "మంచు పడుతోంది, ఒంటి మీద కోటు లేదు. నది వెంట ఒక జట్టు, రోడ్డు వెంట ఒక జట్టు పంపుతున్నా. వాళ్ళ నాన్న ఎక్కడ?" అన్నాడు. ఆ వంతెన మీ ఇంటికి నాలుగు గంటల దారిలో ఉంది. మీ వైపు వచ్చే రోడ్డు మీద ఉంది అన్నయ్యా. నీ దగ్గరికే బయల్దేరి ఉంటాడు. అంతకంటే నాకేమీ తెలియదు. నీకు చెప్పొచ్చని డిటెక్టివే అన్నాడు. దారిలో వాడు తలదాచుకునే చోట్లు, చిన్నప్పుడు నువ్వు చేపలకి తీసుకెళ్ళిన చోట్లు నీకు తప్ప ఎవరికీ తెలియవు.

నువ్వడిగిన ఒక్క పని ఇదే. మిగతా డాలర్లకి నేను జవాబు చెప్పలేను. కానీ ఫిచ్ కూడా నీలాగే పుస్తకాలు పొయ్యిలో పెట్టి ఉంటే ఆ కోటు ఎవరిదో ఈ సాయంత్రానికి కూడా తెలిసేది కాదు. నేను దాటేసిన ఆ నలభై నిమిషాల్లో వాడు చలిలో ఎంత దూరం నడిచాడో నాకు తెలియదు. నన్ను తిట్టు. జీవితాంతం మాట్లాడకు. అదంతా తర్వాత.

డిటెక్టివ్ నంబరు ఈ కాగితం అడుగున పెద్ద అంకెల్లో రాశాను. ఓగ్డెన్ ఇంకా వాకిట్లోనే ఉన్నాడు కదా? అతని ఫోన్ తీసుకో. అతని ట్రక్కే ఎక్కు. వాడి కోసం ఒక కోటు పట్టుకెళ్ళు.

ఇట్లు
నీ ముందు తలెత్తలేని చెల్లెలు,
వేడ్ అత్త
నెడ్రా